దిగాక ఇచ్చే డబ్బు, ఎక్కకముందే అయ్యే ఖర్చు

జనవరి చలిలో ఒక సాయంత్రం ఒక విద్యార్థిని మునిర్కాలోని మా ఇంటికి వచ్చింది. దక్షిణ ఢిల్లీలో నేను పాఠాలు చెప్పే కాలేజీలో బీఏ ఆఖరి సంవత్సరం చదువుతోంది. వాళ్లది నల్లగొండ జిల్లా. అమ్మ కూలికి పోతుంది, నాన్న మేస్త్రీ దగ్గర సిమెంటు పని చేస్తాడు. ఆ ఇంట్లో ఇంటర్ దాటిన మొదటి మనిషి తనే. బ్రిటన్‌లో, లండన్ బయట ఉన్న ఒక విశ్వవిద్యాలయం నుంచి సెప్టెంబర్‌లో మొదలయ్యే మాస్టర్స్ కోర్సుకు ఆఫర్ లెటర్ వచ్చింది. చేతిలో నోట్‌బుక్ ఉంది. అందులో ఎడమవైపు ఖర్చు, కుడివైపు వచ్చే డబ్బు. పౌండుకు 120 రూపాయల చొప్పున లెక్కేసుకుంది.

ఎడమవైపు: ఫీజు 22,000 పౌండ్లు, అంటే 26 లక్షల 40 వేలు. తొమ్మిది నెలల బతుకు ఖర్చు, బ్రిటన్ ప్రభుత్వమే లండన్ బయటి ఊళ్లకు కట్టిన లెక్క ప్రకారం, 10,539 పౌండ్లు. అంటే 12 లక్షల 65 వేలు. వీసా, ఆరోగ్య సర్‌చార్జి కలిపి 2 లక్షలు. టికెట్ 60 వేలు. ఐఈఎల్‌టీఎస్, పాస్‌పోర్టు, టీబీ పరీక్ష, చలికోటు వగైరా 40 వేలు. అంతా కలిపితే సుమారు 42 లక్షల 5 వేలు.

కుడివైపు: తెలంగాణ ప్రభుత్వ అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి 20 లక్షలు, టికెట్టుకు 50 వేలు. విశ్వవిద్యాలయం ఇచ్చిన ఫీజు రాయితీ 4,000 పౌండ్లు, అంటే 4 లక్షల 80 వేలు. బ్యాంకు విద్యారుణం 15 లక్షలు. నాన్న కట్టిన చీటీ లక్షన్నర. మొత్తం 41 లక్షల 80 వేలు.

"పాతిక వేలే తక్కువ మేడమ్. సరిపోతుంది కదా?" అంది. కళ్లలో వెలుగు ఉంది.

లెక్క తప్పు లేదు. నా వయసులో సగం కూడా లేని పిల్ల, ఏ కన్సల్టెన్సీ సాయం లేకుండా, ఇంత శుభ్రంగా లెక్క వేసింది. కానీ ఈ దారిలో నేనూ నడిచాను కనుక ఒక్క మాట అన్నాను. "ఇంకో గీత కొట్టమ్మా. ప్రతి అంకె పక్కన తేదీ రాయి. ఈ డబ్బు ఎప్పుడు కట్టాలి? ఆ డబ్బు ఎప్పుడు వస్తుంది?"

ఆ మూడో గీత కొట్టాక పావుగంటలో ఆ బడ్జెట్ కూలిపోయింది. ఈ సంపాదకీయం ఆ మూడో గీత గురించే.

తేదీల లెక్క

మే నెలాఖరులోగా విశ్వవిద్యాలయానికి 5,000 పౌండ్ల డిపాజిట్ కట్టాలి. అంటే 6 లక్షలు. అది కడితేనే వీసాకు కావలసిన పత్రం వస్తుంది. జూలైలో వీసా దరఖాస్తు. వీసా రుసుము 2025 ఏప్రిల్‌లో 524 పౌండ్లకు పెరిగింది. ఆరోగ్య సర్‌చార్జి విద్యార్థులకు ఏడాదికి 776 పౌండ్లు. ఏడాది మాస్టర్స్ కోర్సుకు ఏడాదిన్నర లెక్కన 1,164 పౌండ్లు ఒకేసారి తీసుకుంటారు. ఆగస్టులో టికెట్. అంటే ఇందిరాగాంధీ విమానాశ్రయంలో విమానం ఎక్కేలోపు చేతి నుంచి పోవలసిన నగదు 9 లక్షలు. ఆ తేదీకి ఇంట్లో ఉండేది చీటీ డబ్బు లక్షన్నర.

ఇది కట్టే డబ్బు. చూపించే డబ్బు వేరే ఉంది. మిగిలిన ఫీజు, తొమ్మిది నెలల బతుకు ఖర్చు కలిపి బ్యాంకు ఖాతాలో వరుసగా 28 రోజులు కదలకుండా ఉన్నట్లు రుజువు చూపించాలి. లేదా అంతకు సరిపడా రుణ మంజూరు పత్రమో, ప్రభుత్వ స్కాలర్‌షిప్ హామీ పత్రమో ఉండాలి. హామీ ఖర్చు మొత్తానికీ సరిపోకపోతే తక్కువపడినంత విద్యార్థే చూపించాలి. ఈ అమ్మాయి విషయంలో అది 23,539 పౌండ్లు. 28 లక్షల పైమాటే.

ఇక కుడివైపు తేదీలు. విద్యానిధిలో మొదటి విడత విద్యార్థి ఆ దేశంలో దిగినట్లు రుజువు చూపించాకే విడుదలవుతుంది. రెండో విడత మొదటి సెమిస్టర్ ఫలితాలు చూపించాక. అంటే 20 లక్షల్లో ఒక్క రూపాయి కూడా విమానం ఎక్కకముందు రాదు. 2013లో ఉమ్మడి రాష్ట్రంలో ఈ పథకం మొదలైనప్పుడు సాయం 10 లక్షలు. తర్వాత తెలంగాణలో 20 లక్షలకు పెంచారు. పెంచినందుకు ఏ దళిత సంఘమైనా సంతోషించింది, నేనూ సంతోషించాను. కానీ విడతల క్రమం మారలేదు.

బ్యాంకు రుణం సంగతి ఇంకా సూటిగా ఉంటుంది. బ్యాంకుల మాదిరి విద్యారుణ పథకంలో ఏడున్నర లక్షలు దాటితే ఆస్తి పూచీకత్తు అడుగుతారు. వీళ్లకు ఎకరం పది గుంటల భూమి ఉంది. తాత కాలంలో ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ పట్టా. 1977 చట్టం ప్రకారం దాన్ని ఇతరులకు అమ్మడానికి లేదు. బ్యాంకుకు తనఖా పెట్టడాన్ని ఆ చట్టం అడ్డుకోదు. అయితే రేపు వేలం వేసి రాబట్టుకోలేని భూమిని తాకట్టుగా తీసుకోవడానికి బ్యాంకు మేనేజర్‌కు మనసు రాదు. ఊళ్లో ఒక బ్యాంకుకు వాళ్ల నాన్న నాలుగుసార్లు తిరిగాడు. నాలుగోసారి "రిజిస్టర్డ్ భూమి ఉన్నవాళ్లు ఎవరైనా సంతకం పెడతారా?" అని అడిగారట. ఆ ఊళ్లో రిజిస్టర్డ్ భూమి ఉన్నవాళ్లు ఎవరో, వాళ్లు మాల మాదిగ వాడ పిల్ల లండన్ చదువుకు సంతకం పెడతారో లేదో చదువరులకు వేరే చెప్పనక్కర్లేదు.

ఆ రాత్రి వాళ్లమ్మతో ఫోన్‌లో మాట్లాడాను. అంతా విన్నాక ఆమె ఒకే ఒక్క ప్రశ్న అడిగింది. "గవర్నమెంటు ఎట్లాగూ ఇస్తనంటుంది గదా మేడమ్. ఇచ్చేటోళ్లు ముందుగాలనే ఇయ్యరాదా?"

ఇరవై ఏళ్లుగా సామాజిక న్యాయం మీద సెమినార్లలో మాట్లాడుతున్నాను. ఇంత సూటి విధాన ప్రశ్న నేను ఎప్పుడూ వేయలేదు.

శాస్త్రి భవన్ లెక్క

రాష్ట్ర పథకం సంగతి ఇలా ఉంటే కేంద్రం చూసుకుంటుంది కదా అనుకోవచ్చు. కేంద్ర సామాజిక న్యాయ, సాధికారత శాఖ నడిపే జాతీయ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ 1954-55లో మొదలైంది. ఇప్పుడు ఏడాదికి 125 స్థానాలు. అందులో 115 షెడ్యూల్డ్ కులాలకు, 6 విముక్త, సంచార, అర్ధసంచార జాతులకు, 4 భూమిలేని వ్యవసాయ కూలీల, సంప్రదాయ చేతివృత్తుల కుటుంబాలకు. కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షలు మించకూడదు. ఫీజు మొత్తం ప్రభుత్వమే భరిస్తుంది. కాగితం మీద చూస్తే ఇది మన పిల్లలకు ఉన్న అన్నింటికంటే మంచి పథకం. ఎన్నో ఇళ్ల తలరాత మార్చింది.

కానీ ఇక్కడా తేదీ చూడాలి. 2025 జూలైలో ప్రకటించిన జాబితాలో 106 మంది ఎంపికయ్యారు. మొదట తాత్కాలిక అవార్డు లెటర్లు అందింది 40 మందికే. మిగిలిన 66 మందికి నిధుల లభ్యతను బట్టి ఇస్తామన్నారు. అది జూలై. బ్రిటన్‌లో కోర్సులు సెప్టెంబర్‌లో మొదలవుతాయి. అమెరికాలో చాలాచోట్ల ఆగస్టులోనే. డిపాజిట్ గడువులు అప్పటికే ముగిసిపోయి ఉంటాయి. ఎంపికైన విద్యార్థి ఆ వారాల్లో ఏం చేయాలి? ఆఫర్ వదులుకోవాలా? అప్పు చేసి డిపాజిట్ కట్టాలా? కట్టాక లెటర్ రాకపోతే ఆ అప్పు ఎవరు తీర్చాలి? "నిధుల లభ్యతను బట్టి" అనే మూడు మాటలు రాసినవారికి అది ఆఫీసు భాష. చదివినవారికి అది జీవితంలో ఒక ఏడాది.

ఇక మొత్తం సంగతి. ఈ పథకంలో బ్రిటన్ వెళ్లేవారికి నిర్వహణ భత్యం ఏడాదికి 9,900 పౌండ్లు. పన్నెండు నెలలకు పంచితే నెలకు 825. విద్యార్థి లండన్‌లో బతకడానికి నెలకు 1,529 పౌండ్లు, లండన్ బయట 1,171 పౌండ్లు కావాలని 2025 నవంబర్ నుంచి బ్రిటన్ ప్రభుత్వం తన వీసా నిబంధనల్లో లెక్క కట్టింది. అంటే మన ప్రభుత్వం ఏడాది మొత్తానికి ఇచ్చే డబ్బు లండన్‌లో తొమ్మిది నెలల కనీస ఖర్చు అయిన 13,761 పౌండ్లకు కూడా చాలదు. ఆ కనీస ఖర్చు మనం ఊహించింది కాదు, ఆ దేశపు ప్రభుత్వం అచ్చు వేసింది. మన మార్గదర్శకాలు రాసేవారు దాన్ని తెరిచి చూస్తే చాలు.

ఇది ఒక్క బ్రిటన్ కథ కాదు. జర్మనీకి వెళ్లాలంటే బ్లాక్డ్ అకౌంట్‌లో 11,904 యూరోలు ముందే వేయాలి. అక్కడికి వెళ్లాక నెలకు 992 యూరోల చొప్పున మాత్రమే తీసుకోగలరు. అంతకంటే ముందు, మన సర్టిఫికెట్లు నిజమైనవని చూపించే ఏపీఎస్ పత్రం కోసం 18 వేల రూపాయలు. జర్మనీలో ఫీజు ఉండదు కనుక పేదలకు అదే మంచిదని చాలామంది సలహా ఇస్తారు. ఫీజు లేని మాట చాలాచోట్ల నిజమే. కానీ ఆ గేటు దగ్గర పది లక్షలకు పైగా నిల్వ చూపించాలి. కెనడా 2025 సెప్టెంబర్ నుంచి ఫీజు కాక 22,895 కెనడా డాలర్లు చూపించమంటోంది. ఏ దేశం గేటు దగ్గరైనా అడిగేది ఒకటే. రాబోయే డబ్బు కాదు, ఉన్న డబ్బు.

ఉన్న డబ్బు ఎవరి దగ్గర ఉంటుంది? ఇదీ అసలు ప్రశ్న. తరాలుగా భూమి రిజిస్టర్ అయిన ఇంట్లో ఉంటుంది. డాలస్‌లో మేనమామ ఉన్న ఇంట్లో ఉంటుంది. ఆ ఇళ్లలో బడ్జెట్‌కు మూడో గీత అక్కర్లేదు. 28 రోజులకు పెదనాన్న 30 లక్షలు ఖాతాలో వేస్తాడు, 29వ రోజు తీసుకుంటాడు. ఆయనకు ఒక్క రూపాయి ఖర్చు కాదు. అదే పని మన పిల్ల చేయాలంటే కన్సల్టెన్సీల చుట్టూ తిరిగే ఫైనాన్షియర్ దగ్గరికి వెళ్లాలి. అతను వడ్డీ తీసుకుంటాడు. పైగా ఆ డబ్బు నిజంగా మీదేనా అని వీసా అధికారి తవ్వి, మోసమని తేల్చితే బ్రిటన్ పదేళ్లపాటు తలుపు మూసేస్తుంది. ఒకే కాగితం, ఒకే 28 రోజులు. ఒకరికి అది కుటుంబ సహకారం. ఇంకొకరికి నేరం అంచున నడక. మార్కుల్లో, ర్యాంకుల్లో, ఇంగ్లీషులో గెలిచి వచ్చిన పిల్లను మనం ఓడిస్తున్నది ఈ మధ్య ఖాళీలో. ప్రతిభ పరీక్ష అయిపోయాక కుల పరీక్ష ఇక్కడ జరుగుతోంది.

బాబాసాహెబ్ బడ్జెట్

మనలో ప్రతి ఒక్కరికీ తెలిసిన కథనే ఈ కోణం నుంచి మళ్లీ చూద్దాం. 1913 జూన్‌లో అంబేడ్కర్ బరోడా సంస్థానంతో ఒప్పందం మీద సంతకం చేశారు. మూడేళ్ల పాటు నెలకు 11 పౌండ్ల 10 షిల్లింగులు. బదులుగా తిరిగి వచ్చాక పదేళ్లు సంస్థానంలో పనిచేయాలి. జూలైలో న్యూయార్క్ చేరారు. ఆ డబ్బులోనే ఇంటికి పంపాలి, ఆ డబ్బులోనే పుస్తకాలు కొనాలి. కొలంబియా తర్వాత 1916లో లండన్ చేరి, లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లోనూ గ్రేస్ ఇన్‌లోనూ చేరారు. కానీ 1917లో స్కాలర్‌షిప్ గడువు ముగిసింది. చదువు సగంలో ఉంది. తిరిగి రావలసి వచ్చింది. విడిగా ఓడలో పంపిన పుస్తకాలు యుద్ధంలో సముద్రం పాలయ్యాయి. బరోడాలో ఉద్యోగమైతే ఉంది, ఉండటానికి గది దొరకలేదు. పార్సీ సత్రం నుంచి ఆయన్ను ఎలా వెళ్లగొట్టారో ఆయనే 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో రాశారు. ఆ పేరులోని వీసా ఏ విదేశానిదీ కాదు, సొంత దేశంలో నిలబడటానికి కావలసిన అనుమతి.

నాలుగేళ్లలోపు తిరిగి వచ్చి చదువు పూర్తి చేసుకోవచ్చని లండన్ విశ్వవిద్యాలయం వెసులుబాటు ఇచ్చింది. అంటే ఆయన ముందు కూడా ఒక తేదీ ఉంది. బొంబాయిలో సిడెన్‌హామ్ కాలేజీలో నెలకు 450 రూపాయల జీతం మీద 1918 నవంబర్ నుంచి 1920 మార్చి దాకా పాఠాలు చెప్పి పొదుపు చేశారు. కొల్హాపూర్ షాహూ మహారాజ్ సాయం చేశారు. కొలంబియాలో పరిచయమైన పార్సీ మిత్రుడు నావల్ భథేనా దగ్గర ఐదు వేల రూపాయలు అప్పు తీసుకున్నారు. 1920 జూలైలో మళ్లీ ఓడ ఎక్కారు. 1921లో ఎంఎస్సీ, 1923లో డీఎస్సీ.

పొదుపు, సాయం, అప్పు. ఈ మూడూ కలిసి ఒక స్కాలర్‌షిప్ మధ్యలో తెగిన చోట వంతెన వేశాయి. ఆయన ప్రతిభ గురించి మనం ఎంతైనా చెప్పుకుంటాం. కానీ ఆ మిత్రుడు ఆ రోజుల్లో అప్పు ఇవ్వకపోయి ఉంటే ఏమయ్యేదో ఆలోచించం. ఒక జాతి భవిష్యత్తు ఒక స్నేహితుడి మంచితనం మీద ఆధారపడకూడదు. ఆ సంగతి ఆయనకు తెలుసు. అందుకే 1942లో వైస్రాయికి ఇచ్చిన వినతిపత్రంలో షెడ్యూల్డ్ కులాల విద్యార్థుల ఉన్నత చదువుకు, విదేశీ చదువుకు ప్రభుత్వమే నిధి కేటాయించాలని అడిగారు. దయగా కాదు, ఖజానాలో వాటాగా. ఈ రెండు పథకాల వేరు ఆ డిమాండ్‌లో ఉంది. వందేళ్ల కిందటి ఆ మధ్య ఖాళీ ఇంకా అలాగే ఉండటం మనకు సిగ్గుచేటు.

ఆలస్యానికి వడ్డీ ఎవరు కడుతున్నారు?

నా సొంత అనుభవం ఒకటి చెబుతాను. నేను వెళ్లినప్పుడు నాకూ ఒక స్కాలర్‌షిప్ ఉంది. మొదటి విడత నేను అక్కడికి చేరిన పదకొండు వారాలకు వచ్చింది. వెళ్లేముందు ఖర్చులకు మా అన్న రెండు పాడి బర్రెలు అమ్మాడు. ఆ పాల డబ్బు మీదే మా ఇంట్లో వారం వారం ఉప్పూ పప్పూ నడిచేవి. స్కాలర్‌షిప్ డబ్బు వచ్చాక నేను ఆ మొత్తం తిరిగి పంపాను. కానీ అప్పటికి ధరలు మారాయి, రెండు బర్రెలు రావలసిన డబ్బుకు ఒకటే వచ్చింది. నా బడ్జెట్‌లో ఆ నష్టం ఎక్కడా కనిపించదు. అది మా వదిన బడ్జెట్‌లో ఉంది.

మన ఊళ్లలో అప్పు ధర అందరికీ తెలుసు. నూటికి రెండు రూపాయలు, మూడు రూపాయలు, అదీ నెలకు. పది లక్షలు రెండు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు 20 వేలు. పది లక్షల విడత ఆరు నెలలు ఆలస్యమైతే లక్షా 20 వేలు. రెండేళ్లు ఆలస్యమైతే 4 లక్షల 80 వేలు, అంటే విడతలో దాదాపు సగం. ఓవర్సీస్ విద్యానిధి బకాయిల కోసం ఎదురుచూసి, చదువు పూర్తయ్యాక కూడా ఆఫీసుల చుట్టూ తల్లిదండ్రులు తిరిగిన ఉదంతాలు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. బకాయి విడుదలైన రోజున పత్రికా ప్రకటన వస్తుంది, పాలాభిషేకాలు జరుగుతాయి. ఆ మధ్య కట్టిన వడ్డీ గురించి ఎవరూ మాట్లాడరు. ప్రభుత్వం ఇచ్చిన 20 లక్షల్లో ఎంత భాగం చదువుకు పోయింది, ఎంత భాగం ఊరి వడ్డీ వ్యాపారికి పోయింది? ఈ లెక్క ఏ ఆడిట్‌లోనూ ఉండదు. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో పథకం పేరులోంచి అంబేడ్కర్ పేరే తీసేసి ముఖ్యమంత్రి పేరు పెట్టినప్పుడు మనం గట్టిగా గొంతెత్తాం. ఎత్తవలసిందే. విడతల తేదీల మీద కూడా అంతే గట్టిగా ఎత్తి ఉండాల్సింది.

ముందే డబ్బు ఇస్తే వెళ్లకుండా వాడేసుకుంటారేమో అన్నది అధికారులు చెప్పే కారణం. దీనికి రెండు జవాబులు. ఒకటి, డబ్బు విద్యార్థి చేతికే ఇవ్వనక్కర్లేదు. డిపాజిట్ నేరుగా విశ్వవిద్యాలయానికి పంపవచ్చు, టికెట్ నేరుగా కొనివ్వవచ్చు, వీసా రుసుము నేరుగా కట్టవచ్చు. రెండు, ఇదే ప్రభుత్వంలో ఒక అధికారి అధికారిక పర్యటనకు వెళితే ముందుగానే టీఏ అడ్వాన్స్ ఇస్తారు. తిరిగి వచ్చాక లెక్క చెబుతాడు. వెళ్తాడో వెళ్లడో అని ఎవరూ అనుమానించరు. లక్షన్నర జీతం తీసుకునే అధికారికి ముందే ఇచ్చే రాజ్యం, కూలీ బిడ్డను మాత్రం ముందు నీ డబ్బుతో దిగి చూపించు అంటోంది. ఇది జాగ్రత్త కాదు, అపనమ్మకం. ఎవరిని నమ్మాలో ఎవరిని నమ్మకూడదో మన దేశంలో కులమే నిర్ణయిస్తుంది. ఆఫీసు నిబంధనలు కూడా అందుకు మినహాయింపు కాదు.

మనం అడగవలసింది

ఒకటి, అవార్డు లెటర్ మార్చి నెలాఖరులోగా ఇవ్వాలి, జూలైలో కాదు. ఎంపికైన ప్రతి ఒక్కరికీ ఒకే రోజున ఇవ్వాలి. నిధులు లేకపోతే ముందే చెప్పాలి, ఎంపిక చేశాక కాదు.

రెండు, ఆఫర్, అవార్డు రెండూ ఉన్న విద్యార్థికి విమానం ఎక్కేముందు ఖర్చులన్నీ, అంటే డిపాజిట్, వీసా, సర్‌చార్జి, టికెట్, దిగిన మొదటి నెల అద్దె, అడ్వాన్స్‌గా ఇవ్వాలి. మంజూరైన మొత్తంలోంచే ఇవ్వవచ్చు. ఖజానా మీద అదనంగా పడేది ఏమీ లేదు, తేదీ మారుతుంది అంతే.

మూడు, నిర్వహణ భత్యాన్ని ఆయా దేశాల వీసా నిబంధనల్లోని కనీస ఖర్చుకు ముడిపెట్టాలి. అక్కడ పెరిగితే ఇక్కడా పెరగాలి.

నాలుగు, విడత ఆలస్యమైతే ప్రభుత్వం వడ్డీ కట్టాలి. మనం పన్ను ఆలస్యం చేస్తే కట్టించుకుంటుంది కదా.

ఐదు, ఆస్తి పూచీకత్తు లేని కుటుంబాలకు ప్రభుత్వమే హామీదారుగా నిలవాలి. లక్ష్మీనగర్‌లోని జాతీయ షెడ్యూల్డ్ కులాల ఆర్థికాభివృద్ధి సంస్థ విద్యారుణాలు ఇస్తోంది. అవార్డు లెటర్ చూపిన విద్యార్థికి అదే సంస్థ ద్వారా వంతెన రుణం ఇవ్వడం పెద్ద కష్టం కాదు.

ఇవి నెరవేరేదాకా చేతులు ముడుచుకుని కూర్చోలేం కనుక ఈ ఏడాది దరఖాస్తు చేస్తున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నాలుగు మాటలు. బడ్జెట్‌ను మూడు ముక్కలుగా రాయండి: ఎక్కకముందు, దిగిన మొదటి తొంభై రోజులు, ఆ తర్వాత. స్కాలర్‌షిప్ డబ్బును మూడో ముక్కలో మాత్రమే వేసుకోండి. ముందు వస్తే మంచిదే. దరఖాస్తు రుసుము, డిపాజిట్ మినహాయించమని విశ్వవిద్యాలయానికి మెయిల్ రాయండి. అడిగితే చాలాచోట్ల తగ్గిస్తారు, గడువు పొడిగిస్తారు. మనవాళ్లకు అడగడం తెలియదు, అడగడం అవమానమనుకుంటాం. కాదు. బ్రిటన్‌లో గది కావాలంటే అక్కడి హామీదారును అడుగుతారు. విశ్వవిద్యాలయమే హామీ ఇచ్చే ఏర్పాటు ఉందేమో ముందే కనుక్కోండి. టర్మ్ సమయంలో వారానికి 20 గంటల పని మాత్రమే చేయనిస్తారు. ఆ సంపాదనను ఫీజు కింద ఎప్పుడూ లెక్కేయకండి. చలికోటు అక్కడ కొనకండి, సరోజినీనగర్‌లోనో మొనాస్టరీ మార్కెట్‌లోనో పావు ధరకు దొరుకుతుంది.

ఇంకొక ఖర్చు ఏ పట్టికలోనూ ఉండదు. చౌక గదులు తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో దొరుకుతాయి. అక్కడ అద్దె తర్వాతి ప్రశ్న ఇంటిపేరు, దాని తర్వాతి ప్రశ్న ఊళ్లో ఎక్కడుంటారు అని. ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేక ఎక్కువ అద్దెకు ఒంటరిగా ఉన్న పిల్లలు నాకు తెలుసు. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కులవివక్షను నిషేధించింది ఊరికే కాదు. కాబట్టి బయలుదేరేముందే ఆ ఊళ్లోని అంబేడ్కరైట్ విద్యార్థులను, సంఘాలను వెతికి పట్టుకోండి. మొదటి పది రోజులకు ఒక సోఫా దొరికినా మీ బడ్జెట్‌లో అది పెద్ద మొత్తమే.

వెళ్లి వచ్చి ఉద్యోగాల్లో స్థిరపడిన మనలాంటివాళ్లకు ఒక మాట. ఆ 28 రోజులకు, ఆ డిపాజిట్‌కు, ఆ మొదటి నెల అద్దెకు అప్పుగా ఇచ్చి తిరిగి తీసుకునే చిన్న నిధి ప్రతి నగరంలో మనం పెట్టుకోగలం. భథేనా చేసిన పని అదే. రాజ్యం చేయవలసిన పనిని అది భర్తీ చేయదు, చేయకూడదు. కానీ రాజ్యం మేలుకునేలోపు ఒక్కో బ్యాచ్ జారిపోతోంది.

ఆ అమ్మాయి నోట్‌బుక్‌లో ఇప్పుడు మూడు గీతలు ఉన్నాయి. విశ్వవిద్యాలయానికి మెయిల్ రాసింది, డిపాజిట్ సగానికి తగ్గించారు. మా సహోద్యోగులం కొందరం కలిసి ఆ సగం సర్దుతున్నాం. రుణం సంగతి ఇంకా తేలలేదు. వెళ్తుందో లేదో నేను ఈ రోజు చెప్పలేను. మే నెలాఖరు దాకా సమయం ఉంది. వాళ్లమ్మ అడిగిన ప్రశ్నను మాత్రం నేను రెండు ప్రభుత్వాలకూ ఉత్తరం రాసి పంపాను, ఆమె మాటల్లోనే. జవాబు రావాలి.

జై భీమ్.